గృహ సర్వరు – పుట్టుపూర్వోత్తరములు

రైలు నడచుటకు ఇంజను ఎంత అవసరమో రిజిస్టరు కూడ అంతే అవసరము. ఏ బండి ఏ నిమిషమున స్టేషను దాటెనో ఆ స్టేషనులోనే వ్రాసి యుంచుదురు. వార్తను మాత్రము తీగమీదుగా పై స్టేషనుకు పంపుదురు. ఎవరి పుస్తకము వారియొద్దనే యుండును, వార్త అందరికిని చేరును. ఈ సూత్రము నెరిగిన రైల్వే కుటుంబములకు నేటి ‘సర్వరు’ వింత వస్తువుగా తోచదు. సర్వరనగా సమాచారమును భద్రపరచి, అడిగిన యంత్రములకు అందించు కంప్యూటరు. అది కంపెనీ భవనములోగాక గృహస్థుని యింటిలోనే యున్నచో గృహ సర్వరు.

బిలాస్‌పూరు పట్టణము రైలుతో పెరిగినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే తన నాగపూరు–ఆసన్‌సోలు ప్రధానమార్గమును 1891లో పూర్తిచేయగా, ఈ ఊరు ముఖ్యమైన రైల్వే స్థానమయ్యెను. 1931లో పార్వతీపురము–రాయపూరు మార్గము ముగిసి, విశాఖ తీరమునకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును సంబంధము కలిగెను. విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల తెలుగువారు రైలు కొలువులకై ఇటు వచ్చి స్థిరపడిరి. బిలాస్‌పూరు 1955లో ఆగ్నేయ రైల్వేలో భాగమై, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయ్యెను. తంతియంత్రము టకటకలాడిన కార్యాలయములలో కంప్యూటరు తెరలు వెలిగెను.

రైల్వేలోనికి కంప్యూటరు మొదట లెక్కల గుమాస్తాగా ప్రవేశించెను. 1960వ దశకమున ఐ.బి.ఎమ్. 1401 యంత్రములు రంధ్రములు పొడిచిన కార్డులను చదివి లెక్కలు కట్టినవి. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ఆరంభమయ్యెను. అంతకుముందు తిరుగు ప్రయాణపు బెర్తు కావలెనన్న తంతి పంపి, సమాధానమునకై ఎదురుచూడవలసివచ్చెడిది. 1994లో సికిందరాబాదులో ‘కన్సర్ట్’ అను క్రొత్త పద్ధతి నెలకొల్పబడెను. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికిందరాబాదు కేంద్రము లైదును దానితో అనుసంధింపబడెను. ఇందలి విశేషమేమనగా, ఏ కేంద్రపు బెర్తుల లెక్క ఆ కేంద్రముననే యుండెను; అయినను ఏ ఊరి గుమాస్తాయైనను ఏ బండికైనను టికెట్టు ఇయ్యగలిగెను. స్టేషను రిజిస్టరు సూత్రమే దేశమంతటికి విస్తరించినది.

ఈ సర్వరు ఇంటికెట్లు వచ్చెను? జెనీవా నగర సమీపమున సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బర్నర్స్ లీ 1990లో వరల్డ్ వైడ్ వెబ్బునకు మొదటి సర్వరును నడిపెను. అది మహాభవనములో లేదు. ఆయన బల్లమీది కంప్యూటరే. దానిని ఆర్పవలదని ఎఱ్ఱసిరాతో వ్రాసిన చీటీ దానికి అతికింపబడియుండెను. 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన యింటి కంప్యూటరుపై ‘లినక్స్’ను రూపొందించి ఉచితముగా లోకమున కొసగెను. 1995లో ‘అపాచీ’ అను ఉచిత సర్వరు సాఫ్ట్‌వేరు వెలువడెను. ఆ యేటి ఆగస్టు 15ననే భారతదేశమున ప్రజలకు ఇంటర్నెట్టు సౌకర్యము లభించెను. 2012 ఫిబ్రవరి 29న అరచేతిలో ఇముడు ‘రాస్ప్‌బెరీ పై’ 35 డాలర్లకు అమ్మకమునకు వచ్చెను. కొలది వాట్ల విద్యుత్తుతో రేయింబవళ్లు పనిచేయగల యంత్రము సామాన్య గృహస్థునకు అందినది.

పెద్ద కంపెనీలు స్థలమిచ్చుచుండగా ఈ శ్రమ యెందుకని కొందరడుగవచ్చును. 2009 అక్టోబరులో అమెరికాలో ‘జియోసిటీస్’ మూతపడి, జనులు స్వయముగా కట్టుకొన్న లక్షలాది పుటలకు ఆశ్రయము పోయెను. 2020 డిసెంబరు 15న ‘యాహూ గ్రూప్స్’ నిలిచిపోయెను. తెలుగు సాహిత్యమును చర్చించిన ‘రచ్చబండ’ వంటి సమూహములకు అదియే నెలవు. అద్దె యింటి గోడపై వ్రాసిన వ్రాత యజమాని సున్నము కొట్టించు నంతవరకే నిలుచును.

పరస్థలముననున్న తెలుగు కుటుంబమునకు ఈ విషయము మరింత ముఖ్యము. తాతగారి ఉత్తరములు, పెండ్లి చిత్రములు, అమ్మమ్మ పాడిన పాటల ధ్వనిముద్రణలు ఇంటి సర్వరులో నుంచవచ్చును. 1991 నుండియే యూనికోడ్‌లో తెలుగు లిపికి స్థానమున్నది గనుక వానికి తెలుగుననే పేర్లు పెట్టుకొనవచ్చును. తెలుగు వికీపీడియాను నడుపు ‘మీడియావికీ’ ఉచితమే. దానిని ఇంట నెలకొల్పి, బాలబాలికలచే కుటుంబ చరిత్ర వ్రాయింపవచ్చును. బదిలీ వచ్చి క్వార్టరు ఖాళీచేసిన నాడు గ్రంథాలయమంతయు ట్రంకుపెట్టెలో ఒక మూల ఇముడును.

అయితే స్వాతంత్ర్యముతోబాటు బాధ్యతయు వచ్చును. బిలాస్‌పూరు వేసవి యెండకు యంత్రమునకు గాలి తగులు చోటు కావలెను. కరెంటు పోయినపుడు యు.పి.ఎస్. ఆదుకొనవలెను. అనేక బ్రాడ్‌బ్యాండు సంస్థలు పలు గృహములకు ఒకే బాహ్య చిరునామాను పంచి యిచ్చుటచే, బయటి ఊరినుండి ఇంటి సర్వరును చేరుట కొంత కష్టము. చేరు మార్గము నేర్పరచినచో దొంగలకును తలుపు కనబడును; కావున సాఫ్ట్‌వేరును ఎప్పటికప్పుడు సరిక్రొత్తగా నుంచవలెను. క్రొత్త సాఫ్ట్‌వేరును పరీక్షించుట వేడుకయే. కాని మెయిను లైనుపై ఎవ్వరును ప్రయోగములు చేయరు. 2013లో వచ్చిన ‘డాకర్’ వంటి సాధనములు ఒకే యంత్రములో వేర్వేరు అరలు కల్పించును. ప్రయోగము ఒక అరలో విఫలమైనను తక్కినవి సామాన్యముగా చెడవు.

అన్నిటికంటె ముఖ్యము నకలు. డిస్కు ఏదో ఒకనాడు చెడుట నిశ్చయము. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, ఒకటి వేరొక ఊరిలో నుండవలెనని అనుభవజ్ఞుల నియమము. బిలాస్‌పూరు కుటుంబమునకు ఆ వేరొక ఊరు విజయనగరములోని మేనమామగారి యిల్లే కావచ్చును.

కడపట మరియొక సంగతి. రైల్వేలో బదిలీయైన ఉద్యోగి చార్జి అప్పగింపక కదలడు. ఇంటి సర్వరును నడుపువాడు ఒక్కడే దాని మర్మము నెరిగియున్నచో, అతని తరువాత అందలి నిధి తాళముపడిన పెట్టెయే యగును. కావున రహస్యపదములను కాగితముపై వ్రాసి భద్రపరచి, ఇంటిలో మరియొకరికి ఆ పని నేర్పవలెను. వారు కుమార్తెయైనను, కోడలైనను సరియే. సర్వరును నెలకొల్పుట ఒకనాటి ఉత్సాహము; చార్జి సక్రమముగా అప్పగించినప్పుడే ఆ పని పూర్తియగును.