మూసలో కరిగిన రాజులు

నెల్లూరు పక్కన ఒక పల్లె. 1786 నాటి మాట. దున్నుతున్న మడక కర్రు దేనికో తగిలి ఆగిపోయింది. ఎడ్లను అదిలించినా కదల్లేదు. మట్టి తీసి చూస్తే ఇటుకలు. ఇంకొంచెం తవ్వితే కూలిపోయిన చిన్న గుడి. దాని అడుగున ఓ బుల్లి కుండ. కుండలో బంగారు బిళ్లలు, ఒక్కోదాని మీద ఒక్కో పరాయి మొహం.

ఆ రైతు పేరు ఎవరూ రాసుకోలేదు. బంగారం కొన్నవాడి ముందు కూర్చుని ఏం మాట్లాడాడో కూడా తెలీదు. ఊహించుకోవడం మాత్రం కష్టం కాదు. "యాడిదిది?" అని ఒకరు, "మా చేలోదే" అని ఇంకొకరు. కొనేవాడికి కావలసింది వన్నె, తూకం. రోమ్ చక్రవర్తుల్లో ట్రాజన్ మొహమైనా హేడ్రియన్ మొహమైనా గీటురాయికి ఒకటే. పాత బంగారం ధరకు బేరం తెగింది. చాలా కాసులు మూసలోకి పోయాయి.

సంగతి పొక్కి ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా చెవిన పడింది. ఆయన ముప్పైకి పైగా కాసుల్ని దక్కించుకున్నాడు. అప్పట్లో మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్. వాటన్నిట్లోంచీ రెండు ఏరుకొమ్మంటే, హేడ్రియన్‌ది ఒకటి, మహారాణి ఫాస్టినాది ఒకటి తీసుకున్నాడు. 1787 జులైలో ఈ వైనమంతా ఉత్తరం రాస్తే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ వాళ్లు తమ సంపుటంలో అచ్చేశారు. చాలా కాసులు అప్పుడే టంకశాలలోంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్ని మాత్రం చెడిపోయి, చిల్లులతో ఉన్నాయి. ఎవరో మెడలోనో దండకో కట్టుకుని ఉంటారని ఆయన అనుమానం. రోమ్ మహారాణి నెల్లూరు సీమలో కాసులపేరుకు వేలాడి ఉండవచ్చన్నమాట! గవర్నరుగారి ఏరివేత కన్నా నాకు ఈ ముచ్చటే బాగుంది.

ఇక కరిగిపోయినవాటి మీద ఎవరి మొహాలున్నాయో ఎవరు చెప్పాలి?

నాణేలు పోగేసేవాళ్లలో ట్రాజన్‌నీ హేడ్రియన్‌నీ పక్కన పెట్టేసే బాపతు ఒకటుంది. వాళ్ల వెతుకులాటంతా గద్దె లాక్కుని, నాలుగు రోజులు కూర్చుని, తల పోగొట్టుకున్నవాళ్ల కోసం. సైన్యం లేపి నిలబెట్టిన అలాంటి చక్రవర్తి ముందుగా చేసే పని నాణెం కొట్టించడం. సిపాయిలకు జీతం ముట్టాలి, వాళ్ల చేతిలో పడే బిళ్ల మీద తన మొహం ఉండాలి.

క్రీ.శ. 271 ప్రాంతంలో గాల్‌లో, అంటే నేటి ఫ్రాన్స్ వైపు, డొమిషియానస్ అనేవాడు ఆ పనే చేశాడు. పాత గ్రంథాల్లో ఆ పేరుకు దక్కింది ఒకటి రెండు ముక్కలే. 1900లో ఫ్రాన్స్‌లో ఒక నిధిలో అతని నాణెం బయటపడితే పండితులు పెదవి విరిచారు. ఎవడో దొంగ నాణెం చేశాడన్నారు. నూరేళ్లు అదే అనుమానం. 2003లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, చాల్‌గ్రోవ్ దగ్గర, సరదాగా లోహశోధక యంత్రం పట్టుకు తిరిగే ఒకాయనకు కుండ దొరికింది. లోపల దాదాపు 5 వేల నాణేలు ముద్దకట్టి ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో విడదీస్తుంటే మళ్లీ డొమిషియానస్! రెండు నాణేలూ ఒకే అచ్చులో కొట్టినవి. దొంగ నాణెమన్న మాట అక్కడితో తేలిపోయింది.

ఆ నాణెంలో వెండి పేరుకే ఉంది, మిగతాదంతా రాగి. ఏ కంసాలీ దానికి నిప్పు రాజెయ్యడు. అందుకే అతను బతికాడు. నెల్లూరు కాసులు మేలిమి బంగారం, అదే వాటి చావుకొచ్చింది. అలాగని డొమిషియానస్ లాంటివాళ్లు మన మూసలో కరిగారని అనను. మన రేవులకు ఎక్కువగా వచ్చింది మొదటి రెండు శతాబ్దాల రోమన్ బంగారం, వెండి. ఇక్కడి వర్తకుడు డొమిషియానస్ రాగి బిళ్లను సరుకుకు బదులుగా తీసుకునేవాడా?

మరి పేరు తప్ప ఏమీ మిగలని రాజులు మనకు లేరా? తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు భట్టిప్రోలులో ఆగుతుంది. ఇప్పుడది బాపట్ల జిల్లా. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపాన్ని తవ్వితే రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు భరిణె దొరికాయి. రాతి మీది అక్షరాల్లో కుబేరకుడనే రాజు పేరుంది. ఆ నాలుగు అక్షరాలే అతని చరిత్ర.

గోదావరి ఒడ్డున కోటిలింగాలకు వస్తే అక్షరాలు నాణేల మీదే ఉన్నాయి. ఆ ఊరి మట్టిలో దొరికిన నాణేలను సంగనభట్ల నరహరి శర్మ ఓపిగ్గా పోగుచేస్తే, శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. గోభద, నారన, కంవాయసిరి, సమగోప. శాతవాహనుల కన్నా ముందటివాళ్లుగా ఆయన పోల్చిన ఆ నలుగురి పేర్లూ ఏ పురాణంలోనూ లేవు.