తుపాను దారి తెలిసినా.. తేలని వాన లెక్క

బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వెలువడితే చాలు, కోతకు వచ్చిన వరిచేను గల రైతుకు, వేటకు వెళ్లిన మత్స్యకారుని కుటుంబానికి కంటిమీద కునుకు ఉండదు. తుపాను ఎక్కడ తీరం దాటుతుందో రెండు, మూడు రోజుల ముందే అంచనా వేయగల స్థాయికి నేడు వాతావరణ శాస్త్రం ఎదిగింది. ఏ మండలంలో ఎంత వాన కురుస్తుందన్నది మాత్రం నేటికీ అంత కచ్చితంగా తేలడం లేదు. ఈ తేడా తెలిసినప్పుడే హెచ్చరికలను సరిగా అర్థం చేసుకోవడం సాధ్యమవుతుంది.

దివిసీమ నుంచి హుద్‌హుద్ వరకు

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10 వేల మంది ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి మన దేశానికి సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను సుమారు వెయ్యి మందిని బలిగొంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరంపైనే విరుచుకుపడినా మృతుల సంఖ్య పదులకే పరిమితమైంది. తుపాను రాకను ముందుగా పసిగట్టడం, తీర గ్రామాల ప్రజలను పెద్దఎత్తున ఖాళీ చేయించడం ఇందుకు ప్రధాన కారణాలు.

ఆకాశం నుంచి నిఘా

భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే ఇన్‌శాట్-3డీఆర్, ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహాలు బంగాళాఖాతాన్ని రేయింబవళ్లు గమనిస్తుంటాయి. ఈ రెండూ శ్రీహరికోట నుంచి 2016, 2024 సంవత్సరాల్లో నింగికెగసినవే. వీటిలోని పరికరాలు పరారుణ కిరణాల ద్వారా మేఘాల పైభాగపు ఉష్ణోగ్రతను కొలుస్తాయి. మేఘం ఎంత ఎత్తుకు పెరిగితే దాని పైభాగం అంత చల్లగా ఉంటుంది. మేఘాలు సుడి తిరిగిన తీరును, కన్ను ఏర్పడిన తీరును బట్టి తుపాను బలాన్ని లెక్కిస్తారు. అమెరికా శాస్త్రవేత్త వెర్నన్ డ్వోరాక్ 1970వ దశకంలో రూపొందించిన ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

సముద్రంపై గాలివేగాన్ని తెలుసుకునేందుకు స్కాటరోమీటర్ అనే పరికరం ఉపయోగపడుతుంది. ఇది ఉపగ్రహం నుంచి రేడియో తరంగాలను పంపి, అలల గరుకుదనాన్ని బట్టి గాలి దిశను, వేగాన్ని గణిస్తుంది. తుపాను తీరానికి చేరువైన తరువాత విశాఖపట్నం, మచిలీపట్నం, చెన్నైలోని డాప్లర్ రాడార్లు ఆసరాగా నిలుస్తాయి. ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అంచనా వేస్తుంది.

కంప్యూటర్ లెక్కలు

ఉపగ్రహాలు, రాడార్లు, బెలూన్లు, సముద్రంలోని బోయలు అందించే సమాచారమంతా సూపర్ కంప్యూటర్లకు చేరుతుంది. అవి వాతావరణాన్ని చిన్నచిన్న గడులుగా విభజించి, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారతాయో గణిస్తాయి. 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టంలో ఒక్కో గడి వెడల్పు 6 కిలోమీటర్లు. అంతకుముందున్న నమూనాలో అది 12 కిలోమీటర్లు.

తుపానును నడిపించేవి వందల కిలోమీటర్ల మేర వీచే పైగాలులు. వాటిని ఈ నమూనాలు బాగానే పట్టుకోగలవు. అయినా 24 గంటల ముందు చెప్పే తుపాను స్థానంలో సగటున 75 కిలోమీటర్ల వరకు తేడా రావచ్చు. మచిలీపట్నం, నరసాపురం మధ్య దూరం దాదాపు అంతే. అందుకే పటంలో గీత ఒక్కటే కాక, దాని చుట్టూ తుపాను వెళ్లే అవకాశమున్న ప్రాంతాన్నీ చూపుతారు.

వాన సంగతి వేరు. కుంభవృష్టి కురిపించే మేఘం వెడల్పు కొన్ని కిలోమీటర్లే. అది ఒక గడిలోనే ఇమిడిపోవచ్చు. తుపాను నెమ్మదిగా కదిలితే ఒకేచోట వాన కుమ్మరిస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిగ్‌జాం, అంతకుముందే తీరం వెంబడి నిదానంగా కదులుతూ చెన్నైని ముంచెత్తింది.

కేంద్రానికి దూరంగానూ ముప్పే

2024 సెప్టెంబరు 1న కళింగపట్నం సమీపంలో తీరం దాటినది తుపాను కాదు, వాయుగుండం మాత్రమే. అక్కడికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలోని విజయవాడలో కుండపోత వానలు కురిసి, బుడమేరు పొంగి వేల ఇళ్లు నీట మునిగాయి. 2025 అక్టోబరు 28న నరసాపురం సమీపంలో తీరం దాటిన మొంథా తుపాను మరుసటి రోజు వరంగల్, హనుమకొండలను జలమయం చేసింది. తుపాను పేరు గాలివేగాన్ని బట్టి నిర్ణయిస్తారే తప్ప, అది కురిపించే వానను బట్టి కాదు.

హెచ్చరికలు చదివే తీరు

గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగముంటే వాయుగుండం, 50-61 అయితే తీవ్ర వాయుగుండం, 62-88 అయితే తుపాను, 89-117 అయితే తీవ్ర తుపాను. 24 గంటల్లో 7-11 సెంటీమీటర్లు కురిస్తే భారీ వర్షం, 12-20 అయితే అతి భారీ, అంతకు మించితే అత్యంత భారీ వర్షంగా పరిగణిస్తారు. పసుపు రంగు గమనిస్తూ ఉండాలని, నారింజ సిద్ధంగా ఉండాలని, ఎరుపు తక్షణం జాగ్రత్త పడాలని సూచిస్తాయి.

వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశల్లో జారీ చేస్తుంది. తొలి సూచన 72 గంటల ముందు, రెండోది 48, మూడోది 24 గంటల ముందు వెలువడతాయి. సుమారు 12 గంటల ముందు వెలువడే నాలుగోది తీరం దాటిన తరువాత లోతట్టు జిల్లాల్లో నెలకొనే పరిస్థితిని వివరిస్తుంది. తీరానికి దూరంగా ఉన్న జిల్లాల వారు తప్పక గమనించాల్సినది ఇదే. తుపాను తమ జిల్లా మీదుగా వెళ్లడం లేదన్న ధీమాతో ఉండక, వాన హెచ్చరికను విడిగా చూసుకుని ధాన్యాన్ని, పశువులను ముందే మెరకకు చేర్చుకోవడం మేలు.