గోడ మీదికి బొమ్మ వచ్చిన దారి

కామారెడ్డి జిల్లా గాంధారి వైపు పాత మట్టి ఇళ్లలో గోడకు బొమ్మ తగిలించే పద్ధతి పెద్దగా ఉండేది కాదు. పండుగొస్తే గోడకు సున్నం వేసి, కింద జాజు పట్టీ దిద్దేవారు. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు. ఇంటి అలంకరణ అంటే ఆడవాళ్లు చేత్తో పూసేది, మళ్లీ పండుగకు దాని మీదే కొత్తగా పూసేది. కొని తెచ్చేది కాదు.

బొమ్మ చూడాలంటే అది ఊళ్లోకి నడిచి రావాలి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెప్పేటప్పుడు పటం విప్పేవారు. 3 అడుగుల వెడల్పు, 40 అడుగులు దాటిన పొడవు. కథ నడిచినంత మేర బొమ్మ నడిచేది, కథ అయిపోతే చుట్టేసి తీసుకుపోయేవారు. వాటిని రాసింది నకాషీ చిత్రకారులు. ఖాదీ గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమట్టి, చెట్టు బంక పట్టించి ఆరబెట్టి, వెనకంతా ఎరుపు నింపి, ఆ ఎరుపు మీద మనుషుల్ని, దేవుళ్లని నిలబెట్టేవారు. ఆ పటం ఎవరి గోడదీ కాదు, ఏ గోడ మీదా అంత చోటు లేదు కూడా.

బొమ్మ గోడకు అతుక్కుని ఉండిపోవడానికి అచ్చు యంత్రం కావలసి వచ్చింది. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ రాతి అచ్చు కనిపెట్టింది కళ కోసం కాదు, తాను రాసిన నాటకాలను చౌకగా అచ్చేసుకోవడానికి. ప్యారిస్‌లో జూల్ షెరె ఆ రాతికే రంగులు నేర్పి నాటకశాలల ప్రకటనలు వేశాడు. 1890ల నాటికి జనం వాటిని వీధి గోడల మీంచి ఊడబీక్కుని ఇళ్లలో పెట్టుకోసాగారు. నేడు ఆర్ట్ పోస్టర్ పేరుతో అమ్మే సరుకు మొదట దొంగ సొత్తే అనుకోవచ్చు!

మన దేశంలో ఆ రాయి దేవుళ్ల పాలబడింది. 1894లో రవివర్మ బొంబాయిలో జర్మన్ యంత్రాలతో ప్రెస్సు పెట్టాడు. అప్పులు పెరిగి, కొన్నేళ్లకే దాన్ని అక్కడి జర్మన్ నిపుణుడు ష్లైషర్‌కే అమ్ముకున్నాడు. బొమ్మలు మాత్రం ఆగలేదు. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇళ్లలోకి కూడా లక్ష్మి, సరస్వతి కాగితం మీద వచ్చేశారు. ఆ తర్వాత పని శివకాశి అందుకుంది. కోవిల్‌పట్టిలో కొండయ్యరాజు, ఆయన శిష్యులు గీసిన దేవుళ్లు అక్కడ క్యాలెండర్లుగా అచ్చయి ఊరూరికీ చేరారు. బొమ్మ ఉచితం, కింద కొట్టు పేరుండాలి, అంతే షరతు. తెలంగాణ పల్లెకు తొలి ఆర్ట్ డీలరు కిరాణా సేటే. ఏ దేవుడు ఏ ఏడు గోడెక్కాలో తేల్చింది భక్తుడి కంటే ఆయనే ఎక్కువ.

చదువుకున్న ఇళ్లలో వడ్డాది పాపయ్య పత్రికలకు వేసిన ముఖచిత్రాలు, బాపు బొమ్మలు ఆ చోటు కొంత పంచుకున్నాయి. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్ వలస పెరిగాక, దుబాయి డబ్బుతో స్లాబు ఇళ్లు లేచాయి. నున్నటి పెద్ద గోడ మొదటిసారి ఖాళీగా మిగిలింది. దాని మీదికి వెల్వెట్ గుడ్డ మీది జింకలు, స్విట్జర్లాండ్ మంచు కొండల పోస్టర్లు, ఫ్లెక్సీ వచ్చాక కుటుంబ ఫోటోలు, ఇప్పుడు త్రీడీ జలపాతాలు ఎక్కాయి.

ఈలోగా పటానికి ఏమైంది? గాంధారికి ఉత్తరాన నిర్మల్, ఆగ్నేయాన చేర్యాల, రెండూ నకాషీల ఊళ్లే. కథ చెప్పించుకునేవాళ్లు తగ్గడంతో చేర్యాలలో పటం అడిగేవాడు లేకుండా పోయాడు. మిగిలిన కొద్ది కుటుంబాలు హస్తకళల సంస్థల ఆసరాతో, హైదరాబాద్ కొనుగోలుదారుల కోసం దాన్ని ఫ్రేము కొలతకు కుదించాయి. పురాణం పక్కకు జరిగి బతుకమ్మ, కల్లు గీత, నాట్లు వచ్చాయి. నిర్మల్ పనివాళ్లు పొణికి కర్ర బొమ్మలతో పాటు నల్లటి పలక మీద బంగారు రంగు చిత్రాలు వేసి డ్రాయింగు రూములకు అలవాటు చేశారు. దీన్ని కల్తీ అనడం నాకు ఇష్టం లేదు. కొనేవాడి గోడను చూసి కొలత మార్చుకోకపోతే ఆ చెయ్యే ఆగిపోయేది. పోయిందల్లా వరస. ఫ్రేములో ఉన్న ఘట్టానికి ముందు ఏం జరిగిందో కొన్నవాడికి తెలియదు.

ఆ తర్వాత చిత్రకారుడు తోట వైకుంఠం. 1942లో బూరుగుపల్లిలో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి, 'దాసి' సినిమాకు కళా దర్శకుడిగా జాతీయ అవార్డు అందుకున్న మనిషి. పెద్ద బొట్టు పెట్టి, ముదురు రంగు చీర కట్టిన ఆయన తెలంగాణ ఆడమనిషి బొమ్మకు నకళ్లు ఇవాళ హోటళ్లలో, చీరల కొట్లలో కనిపిస్తాయి. లంబాడీ అద్దాల కుట్టుదీ ఇదే దారి. గాంధారి మండలంలో తండాలు చాలా ఉన్నాయి. అక్కడి పాత తరం ఒంటి మీది కాంచళి (రవిక), పేటియా (లంగా) కుట్టు పట్నంలో దిండు గలేబయి, గోడ తొడుగయి అమ్ముడవుతోంది.

ఇప్పుడు చేర్యాల బొమ్మనే కాన్వాసు మీద ప్రింటు కొట్టి తక్కువ ధరకు ఇస్తున్నారు. తేడా పట్టడానికి పెద్ద విద్య అక్కర్లేదు. భూతద్దం పెడితే ప్రింటులో సన్నటి చుక్కలు బయటపడతాయి. నకాషీ గీతలో కుంచె ఒత్తిన చోట లావు, తేలిన చోట సన్నం కనిపిస్తుంది. గుడ్డ మీద వేలు రాస్తే గంజి, సుద్ద పూత బిరుసుగా తగులుతుంది.