ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సింగ్ పద్ధతులు

ఎక్స్‌ఎమ్‌ఎల్ పార్సింగ్ అనగా ట్యాగుల మధ్య అమర్చిన పత్రాన్ని చదివి, అందులోని మూలకాలను, పాఠ్యాన్ని ప్రోగ్రాముకు అందించే ప్రక్రియ. ఈ పని చేసే సాఫ్ట్‌వేరును పార్సర్ అంటారు. డామ్, శాక్స్, స్టాక్స్ అనునవి ఇందులో ముఖ్యమైన మూడు పద్ధతులు. పత్రంలో ఎంత భాగం ఒకేసారి మెమరీలో ఉండాలి, చదివే వేగాన్ని ఎవరు అదుపు చేయాలి అన్నవే వీటి మధ్య అసలు తేడాలు.

ఉదాహరణ

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలన్నీ ఒకే పెద్ద ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా కూడా లభిస్తాయి. దీనిని డంపు అంటారు. ఇందులో ఒక్కొక్క వ్యాసం ఒక పేజ్ మూలకం. దాని లోపల శీర్షిక, కూర్పు వివరాలు, పాఠ్యం ఉంటాయి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో వేములవాడ, సిరిసిల్ల పట్టణాలు కరీంనగర్ జిల్లా నుండి రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి, జగిత్యాల, కోరుట్ల జగిత్యాల జిల్లాలోకి చేరినవి. ఈ ఊళ్ళ పేర్లున్న వ్యాసాలలో పాత జిల్లా పేరు ఎక్కడెక్కడ మిగిలినదో తెలియాలంటే డంపు మొత్తం చదవవలసిందే.

డామ్

1998 అక్టోబరులో డబ్ల్యు3సి ప్రమాణంగా వెలువడినది. పత్రమంతటినీ చదివి మెమరీలో ఒక చెట్టుగా నిర్మిస్తుంది. చెట్టులో ముందుకు, వెనుకకు, తల్లి మూలకం వైపునకు వెళ్ళవచ్చు. మార్చి తిరిగి భద్రపరచవచ్చు. అయితే ఈ చెట్టు సాధారణంగా ఫైలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ మెమరీని ఆక్రమిస్తుంది. ఒక్క వ్యాసానికి ఇది హాయి, డంపు మొత్తానికి తగదు. దిగుమతిలో ఫైలు చివర తెగిపోతే మామూలుగా చెట్టు అసలు చేతికే రాదు.

శాక్స్

డేవిడ్ మెగిన్సన్ సమన్వయంతో రూపొంది 1998 మే నెలలో విడుదలైనది. పార్సర్ ఫైలును వరుసగా చదువుతూ, ట్యాగు తెరచినపుడు, పాఠ్యం వచ్చినపుడు, ట్యాగు మూసినపుడు ప్రోగ్రాముకు కబురు చేస్తుంది. దాటిపోయినది మళ్ళీ రాదు. కావలసినది ప్రోగ్రామే గుర్తుంచుకోవాలి. తెగిన ఫైలులోనైనా తెగిన చోటు వరకు వచ్చిన వ్యాసాలు అప్పటికే అంది ఉంటాయి.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది పాఠ్యం విషయంలో. ఒకే పాఠ్యాన్ని ముక్కలుగా ఇచ్చే స్వేచ్ఛ పార్సర్‌కు ఉన్నది. "వేములవాడ" అన్న శీర్షిక ఒకసారి "వేముల" అని, మరొకసారి "వాడ" అని రావచ్చు. అక్షరానికి, దాని గుణింతపు గుర్తుకు మధ్య కూడా విరగవచ్చు. ముక్కలను విడివిడిగా పోల్చే ప్రోగ్రాము ఏ దోషమూ చూపకుండానే ఆ వ్యాసాన్ని వదిలివేస్తుంది. మూసే ట్యాగు వచ్చేవరకు ముక్కలను కూడబెట్టి, ఆ తరువాతనే పోల్చవలెను.

స్టాక్స్

ఇది జావా భాషకు చెందినది. 2004లో ఖరారై, 2006లో వచ్చిన జావా 6లో భాగమైనది. ఇక్కడ పగ్గాలు ప్రోగ్రాము చేతిలో ఉంటాయి: అడిగినపుడే పార్సర్ తరువాతి అంశాన్ని ఇస్తుంది, చాలనుకుంటే ఆపవచ్చు. మెమరీ ఖర్చు శాక్స్ వలెనే తక్కువ. డంపును స్టాక్స్‌తో చదువుతూ, కావలసిన పేజ్ మూలకానికి మాత్రమే డామ్ చెట్టు కట్టుకోవడం పెద్ద ఫైళ్ళకు అనువైన మార్గం.

పరిమితి

వ్యాసంలోని సమాచారపెట్టె, అందులోని జిల్లా గడి వికీ గుర్తులతో వ్రాసినవి, ఎక్స్‌ఎమ్‌ఎల్ మూలకాలు కావు. కాబట్టి మూడు పద్ధతులలో దేనికైనా వ్యాసమంతా ఒకే పాఠ్యపు ముద్దగా కనబడుతుంది. జిల్లా పేరును విడదీయుటకు వికీపాఠ్యాన్ని చదివే మరొక పార్సర్ అవసరం.