గురి కన్నా ముందు దూరం

హైదరాబాద్ పాతబస్తీలోని ఛత్రినాక తుపాకులకు పేరుపడ్డ చోటు కాదు. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలకు కిక్కిరిసే వీధులు, ఉప్పుగూడ స్టేషను దారి, నైరుతిన గుట్టమీద ఫలక్‌నుమా మహలు, ఇదీ దాని లోకం. అయినా దూరాన్ని కొలిచే విద్య నడిచొచ్చిన బాటను వెనుదిరిగి చూడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. వాయవ్యంలో గోల్కొండ ఫిరంగులున్నాయి. తూర్పున ఫిసల్‌బండలో ఒకప్పుడు నక్షత్రాలను చూసిన దుర్భిణి ఉండేది. ఆ పక్కనే కంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాలలు వెలిశాయి.

ఇంతకీ దూరంతో పేచీ ఏమిటి? తూటా గొట్టం దాటిన క్షణం నుంచీ నేలవైపు పడుతూనే ఉంటుంది. 200 మీటర్ల దూరాన్ని 250 అనుకుంటే తేడా కొద్ది అంగుళాలే. మామూలు 7.62 మి.మీ. రైఫిలుతో 1,000 మీటర్ల దగ్గర అదే 50 మీటర్లు తప్పితే, తూటా మీటరుకు పైగా ఎత్తునో దిగువనో పోతుంది. చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా ఆ తప్పును దిద్దలేదు.

1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను ఎనిమిది నెలలు ముట్టడించినప్పుడు ఫిరంగివాళ్లకు దూరం చెప్పే సాధనమేదీ లేదు. ఒక గుండు వేయడం, అదెక్కడ పడిందో చూడటం, గొట్టం ఎత్తో మందు పాలో మార్చి మరొకటి వేయడం, ఇదే వాళ్ల కొలత. ఆ ముట్టడిలో వాడిన ఫతే రహబర్ ఫిరంగి ఇప్పటికీ గోల్కొండ పేట్ల బురుజు మీద ఉంది. చివరికి లోపలివాళ్లు తలుపు తీస్తేనే కోట లొంగింది. నూరేళ్ల తర్వాత, 1786లో, ఫ్రెంచి సేనాని రేమాండ్ నిజాం కోసం నగరంలో ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. గన్‌ఫౌండ్రీ అన్న పేరు దానివల్లే వచ్చింది. ఫిరంగి మెరుగుపడింది గానీ కొలత మాత్రం ఇంకా కంటి అంచనాగానే మిగిలింది.

అంచనా స్థానంలోకి లెక్కను తెచ్చింది సర్వేయర్లు. 1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ సుమారు 12 కిలోమీటర్ల ఆధార రేఖను గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజంలో మిగతాదంతా లెక్కే. కోణాలకు అర టన్ను బరువున్న థియోడలైట్‌ను మోయించాడు. ఆ త్రిభుజాల వరుస నిజాం రాజ్యంలోకి వచ్చింది. 1815లో బీదర్ దగ్గర దామరగిద్దలో మరో ఆధార రేఖను కొలిచారు. 1818లో జార్జి ఎవరెస్ట్ ఆయనకు సహాయకుడయ్యాడు. 1823లో హింగన్‌ఘాట్‌లో లాంబ్టన్ కన్నుమూసే నాటికి ఒక సూత్రం స్థిరపడింది. ఆధారం ఎంత పొడుగైతే కొలత అంత నమ్మకం.

ఈ సూత్రం ఆకాశానికీ వర్తిస్తుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో 15 అంగుళాల దుర్భిణితో నెలకొల్పిన వేధశాలే తర్వాత బేగంపేటకు తరలిన నిజామియా అబ్జర్వేటరీ. నక్షత్రాల దూరం తేల్చడానికి ఖగోళశాస్త్రజ్ఞులు భూకక్ష్యనే ఆధార రేఖగా తీసుకుంటారు.

యుద్ధరంగంలో మాత్రం అంత పొడుగు ఆధారం ఎవరు మోస్తారు? 1888లో బ్రిటన్‌కు చెందిన బార్, స్ట్రౌడ్ ఆ త్రిభుజాన్ని ఒకే గొట్టంలోకి కుదించారు. రెండు చివరల నుంచి వచ్చే బొమ్మలను కలిపేందుకు ఎంత కోణం తిప్పాలో దాన్నిబట్టి దూరం తెలుస్తుంది. ఒక్కటే చిక్కు, దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలవుతుంది. అందుకే సిపాయిలు మోసే గొట్టం సుమారు మీటరుంటే, 1916 జట్లాండ్ యుద్ధం నాటి నౌకల మీద అవి చాలా పొడుగ్గా ఉండేవి.

1960 మే 16న అమెరికాలో భౌతికశాస్త్రజ్ఞుడు మైమన్ తొలి లేజరును వెలిగించాక ఆధార రేఖతో పనే లేకపోయింది. కోణం బదులు కాలాన్ని కొలిస్తే చాలు. వెలుగు కిలోమీటరు పోయి రావడానికి సుమారు 6.67 మైక్రోసెకన్లు పడుతుంది. మీటరు తేడాను పట్టాలంటే గడియారం 6.67 నానోసెకన్లను గుర్తించాలి. దూరంతో పాటు తప్పు పెరగడమన్న పాత బెడద చాలావరకు తీరింది.

దూరాన్ని ముందే కచ్చితంగా తేల్చాల్సిన చిక్కును కంచన్‌బాగ్ వేరే దారిలో దాటేసింది. 1962లో క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. హైదరాబాద్‌కు వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్ ఏర్పడి, ఫ్రెంచి లైసెన్సుతో ఎస్‌ఎస్-11 బి1 ట్యాంకు విధ్వంసక క్షిపణిని తయారు చేసింది. వెనుక తీగ లాక్కుంటూ పోయే ఆ క్షిపణిని సిపాయి దారిలోనే దిద్దుకోగలడు. గురి దాని హద్దులో ఉందా లేదా తెలిస్తే సరిపోతుంది. తూటాకు ఆ వెసులుబాటు లేదు. లెక్కంతా మీట నొక్కకముందే తేలాలి.

ఇక లేజరుతో దూరం కొలిచే పరికరాన్ని నేడు కొనేవాళ్ల సంగతి. డబ్బా మీద రాసిన గరిష్ఠ దూరం వెలుగును బాగా తిప్పికొట్టే పలకకు వర్తించేది. నల్లటి చెట్టు మొదలు దగ్గర అది బాగా తగ్గుతుంది. కిరణం ఎంత వెడల్పవుతుందో చూడాలి. ఒక మిల్లీరేడియన్ చొప్పున విచ్చుకుంటే కిలోమీటరు దగ్గర మీటరు వెడల్పవుతుంది, గురికి బదులు ముందున్న పొద దూరం చెప్పవచ్చు. 905 నానోమీటర్ల లేజర్లు చవక. 1,550 నానోమీటర్లవి కంటికి హాని లేకుండా ఎక్కువ శక్తి పంపగలవు. గుట్టమీదికో పల్లంలోకో గురిపెట్టేవాళ్లకు వాలును సరిచేసే ఏర్పాటు కావాలి. 30 డిగ్రీల వాలులో 500 మీటర్లంటే అడ్డంగా 433 మీటర్లే. పొగమంచులో లేజరు తడబడితే ఆదుకునేది, గురి ఎత్తును గీతలతో పోల్చి దూరం తేల్చే మిల్ గీతల దుర్భిణి. అందులోనూ గురి అసలు ఎత్తును పదోవంతు తప్పుగా ఊహిస్తే దూరం కూడా పదోవంతు తప్పుతుంది.

1972 వన్యప్రాణి చట్టం వేటను కట్టడి చేశాక, ఈ పరికరం మన దగ్గర పోలీసులకు, సైన్యానికి, సర్వేయర్లకు, గోల్ఫ్ ఆటగాళ్లకే ఎక్కువగా అక్కర. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హైదరాబాదీ గగన్ నారంగ్‌కు అది అక్కర్లేదు. ఆయన పతకం గెలిచిన పోటీలో దూరం ఎప్పుడూ 10 మీటర్లే. దూరం తెలియని చోట కొనేవాళ్లు మాత్రం ఎంత దూరం కొలుస్తుందని అడిగి ఊరుకోకూడదు. తాము చూడబోయే వస్తువు మీద, తమకు కావలసిన దూరంలో, అది ఎంత తప్పుతుందో అడగాలి. గోల్కొండ ఫిరంగివాడు మొదటి గుండు పడిన చోట వెతికిందీ ఆ జవాబే.