ముగ్గుపిండితో గీసిన కొల్లేరు

ఏలూరు దాటి కైకలూరు రోడ్డు పట్టుకున్నాక వరిచేలు పలచబడి, చెరువు గట్లు మొదలవుతాయి. ఆటోలో మీ పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ఖాళీ గంప. తెల్లారగట్ల ఏలూరులో కొర్రమీనులు, జెల్లలు అమ్ముకుని లంకకు తిరిగి పోతోంది. చినయడ్లగాడి వచ్చేసరికి తడిసిన గుర్రపుడెక్క వాసన ముక్కుకి తగులుతుంది. పెదయడ్లగాడి వంతెన మీద దిగి కిందికి చూడండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీళ్లు ఈ ఖానాల కిందుగా ఉప్పుటేరు వైపు జరగాలి. అక్కడి నుంచి సముద్రం దాదాపు 60 కిలోమీటర్లు. గుర్రపుడెక్క అడ్డం పడితే ఆ నీళ్లు కదలవు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు ఆ తర్వాత వచ్చి చేరింది ఇక్కడికే. ఈ రోడ్డు కూడా మునిగింది.

వంతెన దిగి లంక గ్రామంలోకి నడవండి. ఏ ఊరైనా ఫరవాలేదు. రామాలయం ముందు నీడ చూసుకుని కూర్చోండి. నోట్‌బుక్ సంచిలోనే ఉంచండి. ఫారాలు పట్టుకొచ్చి, ఇంట్లో ఎంతమంది, ఆదాయమెంత అని రాసుకుని వెళ్లిపోయినవాళ్లను ఈ ఊళ్లు చాలామందినే చూశాయి. ఒక డబ్బా ముగ్గుపిండి తెప్పించి, "మీ ఊరు, మీ కొల్లేరు గీసి చూపించండమ్మా" అని పక్కకు జరగండి.

మొదట ఎవరూ ముందుకు రారు. ఆ తర్వాత ఒక పెద్దావిడ కొంగు దోపుకుని వంగుతుంది. గుడి, వీధి, బడి, రేవు. ఇళ్లకు చింతగింజలు, గట్లకు కిక్కిస పుల్లలు. పిల్లలు పరుగెత్తి మరిన్ని పుల్లలు తెస్తారు. నీలం ముగ్గు నీళ్లకి. ఇంతసేపూ అరుగు మీద నుంచే చూస్తున్న ముసలాయన ఇక ఆగలేక దిగుతాడు.

"ఆ గట్టు అక్కడ కాదే, ఇంకా ఇటు! దానివల్లేగా వరద మన మీదకి తిరిగింది."

ఒక పుల్ల రెండడుగులు జరుగుతుంది. అది ఎవరు వేసిన గట్టు, ఏ ఏడు వేశారు, లీజుదారు ఎక్కడివాడు అన్న వాదన మొదలవుతుంది. చప్పుడు చెయ్యకుండా వినండి. ఏ శాటిలైట్ చిత్రంలోనూ లేని సంగతులు ఇప్పుడు నేల మీదకి వస్తున్నాయి. తాతల నాడు తాటిదోనె నడిచిన దారి, మావులు పెట్టే చోట్లు, గుర్రపుడెక్క పేరుకున్న మూల, గూడబాతులు దిగే పర్ర. చివరికి ఒక కోడలుపిల్ల ఊరి చివర చిన్న సున్నా చుట్టి, "తాగేనీళ్ల టిన్నులు ఇక్కడ కొంటామండి" అంటుంది. చుట్టూ మంచినీటి సరస్సు, తాగడానికి టిన్ను. ఆ సున్నా దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడరు.

పరిశోధకులు దీనికి భాగస్వామ్య పరిశోధన అని పేరు పెట్టారు. ప్రశ్న ఊరిది, కొలత ఊరిది, తేలిన దానితో ఏం చెయ్యాలన్న తీర్మానమూ ఊరిదే కావాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ ఫొటోలకే పనికొస్తాయి.

ఇప్పుడు అడగండి: "ఐదో కాంటూరు ఎక్కడ?"

నలుగురు నాలుగు వైపులు చూపిస్తారు. ఇక్కడి జీవితాల్ని ఆడిస్తున్న గీత అది. 1976 ప్రాంతంలో ప్రభుత్వమే ఇక్కడి మత్స్యకారులైన వడ్డీ కులస్తుల చేత సొసైటీలు పెట్టించి కొల్లేటి గర్భంలో చేపల చెరువులు తవ్వించింది. డబ్బున్నవాళ్లు లీజులతో లోపలికొచ్చారు, చెరువులు వేల ఎకరాలకు పాకాయి. 1999 అక్టోబరు 4న జీవో 120 వచ్చి, సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా, అంటే ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం చేసింది. సంప్రదాయ వేట చేసుకోవచ్చు, చేపల చెరువులు కూడవు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో, సుప్రీంకోర్టు ఆదేశాల మధ్య, గట్లు పేల్చేశారు. పెద్ద లీజుదారుడి గట్టుతో పాటు సొసైటీ గట్టూ పోయింది. లీజుదారుడికి వేరే చోట ఆస్తి ఉంది. సొసైటీ సభ్యుడికి లేదు. ఆ తర్వాత మూడో కాంటూరుకు తగ్గించమని అసెంబ్లీ తీర్మానం చేసింది. అలా చేస్తే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లే. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో తగ్గించొద్దంది.

నా మట్టుకు నాకు ఐదో కాంటూరు ఉండి తీరాలి. అది పోతే వరద ఎక్కడ నిలుస్తుంది? అయితే ఆ గీతను ఊరి మనిషి పట్టుకున్న గజంబద్దతో గీయలేదు. అందుకే దాన్ని ఊరు కాపాడుకోవడం లేదు. చీకటి పడితే పొక్లెయిన్లు మళ్లీ గర్భంలోకి దిగుతున్నాయంటే కారణాల్లో ఇదొకటి.

ఇలా కాకుండా నడిచిన చోటూ ఒకటుంది, ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని కాకడు జాతీయ పార్కు. అదీ రామ్‌సర్ చిత్తడి నేలే. మనవాళ్లు కొల్లేట్లో చెరువులు తవ్వించిన ఆ రోజుల్లోనే, 1976లో, అక్కడ ఆదివాసుల భూమి హక్కుల చట్టం వచ్చింది. 1979లో ప్రకటించిన ఆ జాతీయ పార్కును నడిపే బోర్డులో ఎక్కువమంది ఆ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులే. గొడవలు అక్కడా ఉన్నాయి, కానీ గొడవపడటానికి వాళ్లకు బల్ల దగ్గర కుర్చీ ఉంది. వడ్డీలకు అది కూడా లేదు.

మన దగ్గర చట్టం లేక కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊరి చెట్టూ చేపా పిట్టా రాసిన ప్రజా రిజిస్టరు ఆ కమిటీయే ఊరివాళ్లతో కూర్చుని తయారుచెయ్యాలి. గ్రామసభకు పంచాయతీరాజ్ చట్టమే చోటిచ్చింది. ఇందాక నేల మీద గీసిన ఆ ముగ్గు రిజిస్టరులో మొదటి పేజీ కావచ్చు.

ముగ్గు చెరిగిపోకముందే కాగితం మీదకి ఎక్కించండి. అసలుది ఊళ్లోనే ఉంచండి, మీరు నకలే పట్టుకెళ్లండి. లీజు డబ్బులో వాటా ఎవరెవరికి వస్తోందో, ఆడవాళ్ల పేరు అందులో ఉందో లేదో కూడా అడిగి రాయండి. ఊరి పెద్దలకు నచ్చకపోయినా సరే. తాడేపల్లిగూడెం నిట్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలున్నారు. ఒక వేసవి వాళ్లు లెవెల్ యంత్రంతో వచ్చి, కొలత కర్ర ఊరి కుర్రాళ్ల చేతికిచ్చి, ఐదో కాంటూరు మీద రాళ్లు పాతాలి. ఆ రాళ్లను గ్రామసభ తీర్మానంతో కలెక్టరు, అటవీ శాఖ ఒప్పుకోవాలి. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ చదువుతున్న ఇంజినీర్లకు, పంతుళ్లకు, ఈ పని చెయ్యగలిగినవాళ్లందరికీ చెబుతున్నాను: వచ్చే వర్షాకాలంలోగా ఒక్క లంకలోనైనా మొదలుపెట్టండి.