దారుష్షిఫా, మన షాదీఖానా

సొసైటీ హాలు మాట వచ్చినప్పుడల్లా ఉంగుటూరులో మనం రెండు పక్షాలవుతున్నాం. పెళ్ళిళ్ళకు పనికొస్తే చాలదా అని కొందరు. మందుల గది, పిల్లలు చదువుకునే గది, ఆడుకునేందుకు కాస్త ఆవరణ కూడా ఉండాలని మేము. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేవారికి హైదరాబాదు పాతబస్తీలోని ఒక కట్టడాన్ని గుర్తుచేయదలచాము.

1591లో ఆ నగరాన్ని స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్ షాయే 1595లో దారుష్షిఫాను కట్టించాడు. స్వస్థతనిచ్చే ఇల్లని దాని అర్థం. నడుమ విశాలమైన ప్రాంగణం, చుట్టూ రెండంతస్తుల గదులు. హకీములు రోగులకు వైద్యం చేస్తూనే శిష్యులకు బోధించేవారు. ఆసుపత్రీ అదే, బడీ అదే. చెంతనే మసీదు, హమ్మాము.

ఇన్నీ ఒకచోట ఎందుకంటారా? యునానీ వైద్యం ఆరోగ్యానికి ఆరు ఆధారాలు చెబుతుంది: గాలి, అన్నపానాలు, శరీరానికి కదలిక-విశ్రాంతి, మనస్సుకు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, విసర్జన-నిలుపుదల. మందు ఈ ఆరింటిలో లేదు, చూడండి! ఆ లెక్కన ప్రాంగణమూ, స్నానశాలా వైద్యంలో భాగాలే.

1687లో గోల్కొండ మొగలుల వశమైంది. పోషించే పాదుషాలు పోయాక ఆసుపత్రి కాలక్రమంలో మూతబడింది, గోడలు మిగిలాయి. మనకైతే పాదుషా మొదటినుంచీ లేడు. అందుకే హాలు అద్దెలో కొంత డాక్టరు రాకపోకలకు, పుస్తకాలకు అని ముందే రాసుకోవాలి. మామిడి కోతలప్పుడు తోటలకు వెళ్ళే ఆడవాళ్ళు పగలు రాలేరు, మందుల గది సాయంత్రం తెరవాలి. పెళ్ళి జరిగే రోజున కూడా రోగి లోపలికి రావాలంటే దానికి వీధివైపు వేరే తలుపుండాలి. ఇప్పటి ప్లానులో ఆ తలుపు లేదు.